ప్రాజెక్టు ఎంత పెద్దదన్నది సగం ప్రశ్నే

ఒక ఆనకట్టకో, రహదారికో, గనికో అనుమతి ఇచ్చే ముందు, దానివల్ల నేలకూ నీటికీ గాలికీ, అక్కడ బతికే మనుషులకూ జీవజాలానికీ ఏమి జరగబోతుందో శాస్త్రీయంగా పరిశీలించే ప్రక్రియను పర్యావరణ ప్రభావ మదింపు అంటారు. దీనికి జాతీయ స్థాయిలో తొలిసారి చట్టరూపం ఇచ్చిన దేశం అమెరికా. పర్యావరణంపై గణనీయమైన ప్రభావం చూపే ప్రధాన ఫెడరల్ చర్యలకు ముందుగానే వివరణాత్మక నివేదిక ఉండాలని ఆదేశించిన అక్కడి చట్టంపై 1970 జనవరి 1న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేశారు. ఎంత ప్రభావాన్ని గణనీయమని లెక్కించాలి, ఏ ప్రాజెక్టును మదింపు లేకుండా వదిలేయవచ్చు అన్న ప్రశ్నలు అప్పటి నుంచి ప్రతి దేశానికీ ఎదురవుతూనే ఉన్నాయి.

పాలకులకు సులువుగా తోచిన జవాబు అంకెలు. ఇప్పటి యూరోపియన్ యూనియన్‌కు ముందు రూపమైన కూటమి 1985లో తన సభ్యదేశాలకు ఇచ్చిన ఆదేశం ప్రాజెక్టులను రెండు జాబితాలుగా విడదీసింది. ఇప్పుడు అమలులో ఉన్న రూపంలో, 300 మెగావాట్ల ఉష్ణ సామర్థ్యానికి తగ్గని థర్మల్ కేంద్రాలు, 2,100 మీటర్లు లేదా అంతకుమించిన రన్‌వే గల విమానాశ్రయాలు, కోటి ఘనపు మీటర్లకు మించి కొత్తగా నీటిని నిలిపే ఆనకట్టలు మొదటి జాబితాలో ఉన్నాయి. వీటికి మదింపు తప్పనిసరి. రెండో జాబితాలోని వాటికి అవసరమా కాదా అన్నది సభ్యదేశాలే తేల్చుకోవాలి. భారతదేశంలో 1994 నాటి నోటిఫికేషన్ స్థానంలో 2006లో వచ్చినది ప్రాజెక్టులను ‘ఎ’, ‘బి’ అని వర్గీకరించింది. ‘ఎ’ వర్గం కేంద్రం పరిశీలనకు వెళ్తుంది. ‘బి’ వర్గాన్ని రాష్ట్రస్థాయి సంస్థ పరిశీలిస్తుంది, అందులో కొన్నింటికి మదింపు నివేదిక అక్కరలేదని మినహాయించే వీలూ ఉంది.

అంకె వల్ల అధికారికీ పెట్టుబడిదారుకూ స్పష్టత వస్తుంది, కాదనలేము. కానీ ప్రకృతి హెక్టార్ల గీతను చూసి స్పందించదు. ఐర్లాండ్ తన పరిమితులను కేవలం విస్తీర్ణం ఆధారంగా నిర్ణయించుకున్నప్పుడు, ఆ పరిమితికి లోబడిన తవ్వకాలే ఒకదాని పక్కన ఒకటి చేరి, విలువైన పీట్ నేలలు (పూర్తిగా కుళ్లని మొక్కల పదార్థం పేరుకున్న చిత్తడి నేలలు) మదింపు అన్నదే లేకుండా తరిగిపోయాయి. ప్రాజెక్టు స్వభావాన్నీ, అది ఉన్న చోటునూ, పలు ప్రాజెక్టుల ఉమ్మడి ప్రభావాన్నీ వదిలేసి పరిమాణాన్ని మాత్రమే చూడటం ఆదేశానికి విరుద్ధమని యూరోపియన్ న్యాయస్థానం 1999లో తీర్పు చెప్పింది.

ఇసుక తవ్వకంలో ఇదే సమస్య మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నది ఏటా పైనుంచి కొంత ఇసుకను మోసుకొచ్చి మేటలు వేస్తుంది. వచ్చే దానికన్నా ఎక్కువ తీసేస్తే నదీగర్భం లోతవుతుంది, దానితోపాటు ప్రవాహ మట్టమూ, ఒడ్డున ఉన్న బావుల్లో నీటిమట్టమూ దిగిపోతాయి, వంతెన స్తంభాల పునాదులు బయటపడతాయి. 2006 నోటిఫికేషన్ వచ్చినప్పుడు, 5 హెక్టార్లు లేదా అంతకు మించిన ఖనిజ లీజులకే పర్యావరణ అనుమతి అవసరమయ్యేది. అయిదుకు కాస్త తక్కువగా ఉన్న లీజులు వరుసగా పది ఉంటే, కాగితం మీద అవి పది చిన్న పనులు, నదికి మాత్రం ఒకే పెద్ద గొయ్యి. అందుకే 5 హెక్టార్ల లోపు చిన్నతరహా ఖనిజ లీజులకూ పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరిలో ఆదేశించింది. ఆ తరువాత, 500 మీటర్ల లోపు ఉన్న లీజులను ఒకే సముదాయంగా చూసే పద్ధతి నిబంధనల్లోకి వచ్చింది. ఈ సముదాయ దృష్టి గనులకే కాక అన్ని రంగాలకూ వర్తించాలన్నది నా అభిప్రాయం.

చోటు కూడా అంతే ముఖ్యం. మామూలు మైదానంలో చిన్నదనిపించే కర్మాగారం, చిత్తడి నేల అంచున, అభయారణ్యం పక్కన, అప్పటికే కలుషితమైన ప్రాంతంలో చిన్నది కాదు. రక్షిత ప్రాంతాలకు నిర్ణీత దూరంలో ఉన్న ‘బి’ వర్గం ప్రాజెక్టుల్లో కొన్నింటిని ‘ఎ’గా పరిగణించాలని భారత నిబంధనలు చెప్పడానికి కారణం ఇదే. ప్రభావం సరిహద్దు దాటే అవకాశం ఉంటే బాధ్యత ఇంకా పెరుగుతుంది. రెండు దేశాల సరిహద్దుగా పారే ఉరుగ్వే నది ఒడ్డున, ఉరుగ్వే వైపు కాగితపు గుజ్జు కర్మాగారాలపై అర్జెంటీనా వేసిన దావాలో, అటువంటి ముప్పు ఉన్నచోట మదింపు అంతర్జాతీయ న్యాయం ప్రకారమే అవసరమని అంతర్జాతీయ న్యాయస్థానం 2010లో పేర్కొంది.

ఇక మదింపు ఎప్పుడు జరగాలన్న ప్రశ్న మిగిలింది. ప్రాజెక్టు స్థలమూ నమూనా ఇంకా మార్చగలిగే దశలోనే అది జరగాలి. నీటి నాణ్యత, భూగర్భజల మట్టం, పక్షుల రాకపోకలు, చేపల సంతతి వంటివి పనికి ముందు ఎలా ఉన్నాయో నమోదు చేస్తేనే తరువాతి మార్పును కొలవగలం. పునాదులు తవ్వేశాక వెళ్లి కొలిస్తే దొరికేది మారిపోయిన స్థితి కొలత. చెట్లు కొట్టక ముందు అక్కడ ఏ పక్షులు గూళ్లు కట్టేవో ఏ పరికరమూ వెనక్కి వెళ్లి లెక్కపెట్టలేదు.