బెలారస్‌లో ఖైదీలే సరుకు

2025 డిసెంబర్ 13న బెలారస్ 123 మంది ఖైదీలను వదిలిపెట్టింది. వారిలో నోబెల్ శాంతి బహుమతి గ్రహీత అలెస్ బియాలియాత్‌స్కీ, 2020 ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమాన్ని ముందుండి నడిపిన మరియా కలెస్నికోవా ఉన్నారు. ప్రతిగా అమెరికా ఆ దేశపు పొటాష్‌పై ఆంక్షలు ఎత్తివేసింది. మన దేశం కూడా ఏళ్లుగా కొంటూ వచ్చిన ఎరువే అది. విడుదలైన వారి ఇళ్లలో వెలిగిన దీపాన్ని ఎవరం కాదనలేం. కానీ మనుషులను పట్టి ఉంచి వెల కట్టడం అక్కడ కొత్త కాదు.

అలెగ్జాండర్ లుకషెంకో 1994లో అధ్యక్ష ఎన్నికల్లో గెలిచారు. 1996 రిఫరెండంతో అధికారాలన్నీ తన గుప్పిట్లోకి తెచ్చుకున్నారు. 1999లో మాజీ హోంమంత్రి యూరీ జఖరెంకో, ప్రతిపక్ష నాయకుడు విక్టర్ గొంచార్ అదృశ్యమయ్యారు. నేటికీ ఆచూకీ లేదు.

2006 ఎన్నికల్లో పోటీ చేసిన అలెగ్జాండర్ కజులిన్‌కు ఐదున్నరేళ్ల జైలు పడింది. 2008 ఆగస్టులో ఆయనను వదలగానే అమెరికా, ఐరోపా ఆంక్షలు సడలించాయి. 2010 డిసెంబర్ 19న, మళ్లీ ఎన్నికలు జరిగిన రాత్రి, రాజధాని మిన్స్క్‌లో 600 మందికి పైగా అరెస్టయ్యారు. అభ్యర్థి మికోలా స్తత్కేవిచ్‌కు ఆరేళ్ల శిక్ష వేశారు. 2015 ఆగస్టులో ఆయనతో సహా ఆరుగురిని వదిలారు. 2016 ఫిబ్రవరికల్లా ఐరోపా సమాఖ్య చాలా ఆంక్షలు తీసేసింది. లుకషెంకో నేర్చుకున్న పాఠం ఇదేనని నా నమ్మకం: జైలు నిండుగా ఉంటే బేరానికి సరుకు ఉన్నట్టే.

2020లో ఆ జైళ్లు మునుపెన్నడూ లేనంతగా నిండాయి. పోటీకి సిద్ధమైన సెర్గెయ్ తిఖనోవ్‌స్కీని మే నెలలోనే పట్టుకున్నారు. ఆయన భార్య స్వెత్లానా బరిలో నిలిచారు. ఆగస్టు 9న తనకు 80 శాతం ఓట్లు వచ్చాయని లుకషెంకో ప్రకటించుకున్నారు. జనం నమ్మలేదు, వీధుల్లోకి వచ్చారు. తొలి నాలుగైదు రోజుల్లోనే దాదాపు ఏడు వేల మంది అరెస్టయ్యారు. మిన్స్క్‌లోని అక్రెస్తినా నిర్బంధ కేంద్రం నుంచి బయటికి వచ్చినవారు కమిలిన వీపులు, తొడలు చూపించారు. ఏడాది ముగిసేసరికి నిర్బంధాలు 30 వేలు దాటాయి. సెప్టెంబర్‌లో కలెస్నికోవాను దేశం దాటించాలని సరిహద్దుకు తీసుకెళితే, ఆమె తన పాస్‌పోర్టును చింపేసి అక్కడే నిలిచిపోయారు. 11 ఏళ్ల శిక్ష పడింది.

ఊరేగింపులో నడిచినవారిని జైలుకు పంపడానికి శిక్షాస్మృతిలోని 342వ అధికరణం చాలు. లోపల 411వది కాచుకుని ఉంటుంది. జైలు అధికారుల మాట వినలేదంటూ, ముగియవచ్చిన శిక్షకు మరో ఏడాదో రెండేళ్లో తగిలిస్తారు. ‘తీవ్రవాద ధోరణి’ అని నమోదైనవారి బట్టలపై పసుపుపచ్చ పట్టీ కుడతారు. ఎవరిని వేధించాలో దూరం నుంచే తెలుస్తుంది. కలెస్నికోవా వంటివారి నుంచి నెలల తరబడి ఇంటికి ఒక్క ఉత్తరమూ రాలేదు. కార్యకర్త విటోల్డ్ అషురక్ 2021లో, చిత్రకారుడు అలెస్ పుష్కిన్ 2023లో ఖైదులోనే చనిపోయారు.

2025లో మళ్లీ బేరం మొదలైంది. జూన్‌లో తిఖనోవ్‌స్కీ బయటికి వచ్చారు. సెప్టెంబర్‌లో వదిలి, దేశం దాటించబోయిన 52 మందిలో స్తత్కేవిచ్ ఒక్కరే దేశం విడిచి వెళ్లనన్నారు. బస్సు దిగి సరిహద్దులోనే కూర్చున్నారు. ఆయనను తిరిగి జైలుకే తీసుకుపోయారు. అలా వెళ్లిపోక తప్పనివారికి మరో చిక్కు ఉంది: విదేశాల్లోని బెలారస్ రాయబార కార్యాలయాలు పాస్‌పోర్టులు ఇవ్వకూడదని 2023 సెప్టెంబర్‌లోనే లుకషెంకో ఉత్తర్వు జారీ చేశారు.