మార్ఫా కొరివి దెయ్యాలు: తలకిందులైన ఎండమావి

సెలవుల్లో బిగ్ బెండ్ నేషనల్ పార్కు చూసొచ్చిన డల్లాస్ పాఠకుడొకరు అడిగారు: "మార్ఫా ఊరి బయట రాత్రి దూరంగా దీపాలు కనిపించాయి. ఒకటి రెండయింది, మళ్లీ కలిసింది, ఆరిపోయింది. మా అమ్మ కొరివి దెయ్యాలంటోంది. మీరేమంటారు?"

పశ్చిమ టెక్సాస్‌లో చూడదగ్గవి చాలా ఉన్నాయి. పాదరసం గనులు మూతపడి పాడుబడ్డ టెర్లింగువా, 450 మీటర్ల నిటారు గోడల మధ్య రియో గ్రాండే పారే శాంటా ఎలీనా లోయ, నది దాటితే మెక్సికో. నన్ను పట్టుకున్నవి మాత్రం ఆ దీపాలే.

దీపం ఎవరిదో ముందు తేల్చేద్దాం. 2004లో డల్లాస్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ ఫిజిక్స్ విద్యార్థులు అక్కడ కాపు కాశారు. ప్రెసిడియో వెళ్లే 67వ నంబర్ హైవే మీద వాహనాలు పెరిగితే దీపాలూ పెరిగాయి. ఆ రోడ్డు మీద వాళ్లే ఒక బండి ఆపి హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పితే, ఇవతలివాళ్లకు అచ్చం మార్ఫా దీపమే కనిపించింది. ఇలాంటి ప్రయోగం మన కాలేజీల్లో ఎందుకు చేయించరో! దెయ్యాల చింతచెట్టు లేని ఊరుందా మనకి?

సరే, హెడ్‌లైటే. మరి ఆ గంతులేమిటి? ఎండమావి గుర్తుందిగా. మధ్యాహ్నం తారురోడ్డును ఆనుకున్న గాలి వేడెక్కి పలచబడుతుంది. కాంతి చిక్కటి గాలి వైపే వంగుతుంది కనుక పైకి వంగి, ఆకాశం ముక్కను నీళ్లలా చూపిస్తుంది. మార్ఫాలో రాత్రి ఇదే తలకిందులవుతుంది. సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉన్న ఎడారి మైదానం, తేమ తక్కువ. మబ్బు లేని రాత్రి, పగటి వేడిని నేల పరారుణ కిరణాలుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. కింది గాలి చల్లబడి చిక్కబడుతుంది, పైది వెచ్చగా మిగులుతుంది. కాంతి ఇప్పుడు కిందికి వంగుతుంది.

ఎంత వంగుతుంది? ఆ ఎత్తులో గాలి వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచగలదో చెప్పే అంకె, సుమారు 1.00024. ఒక డిగ్రీ వేడి పెరిగితే అందులో తగ్గేది పది లక్షల్లో ఒక వంతు కూడా కాదు. అయినా పది మీటర్ల ఎత్తుకు సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరిగితే చాలు, కిరణం భూమి గుండ్రదనంతో సమానంగా వంగుతూ నేలవెంటే పోతుంది. ఇంకా పెరిగితే, చాటున ఉండాల్సిన దీపం కూడా పైకి తేలి కనపడుతుంది. పొరలు సరిగ్గా కుదిరితే ఒకే దీపం కాంతి రెండు మూడు దారుల్లో కంటికి చేరుతుంది: ఒక బొమ్మ నిటారుగా, ఇంకోటి తలకిందులుగా. పొర కాస్త కదిలిందా, రెండూ కలిసిపోతాయి, లేదా మాయమైపోతాయి.

ఇంకో తమాషా. పాతిక కిలోమీటర్ల దూరంలో కారు రెండు హెడ్‌లైట్ల మధ్య కోణం పన్నెండు ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). మన కన్ను విడదీయగలిగేది అరవై. అంటే ఆ జంట మనకు ఎప్పుడూ ఒక్కటే. ఎదురుగా వస్తున్న బండి కనుక కదలనట్టే ఉంటుంది.

కార్లు లేని 1883లోనే ఒక పశువుల కాపరి వీటిని చూశాడని అక్కడ చెప్పుకుంటారు. చూసే ఉండొచ్చు. చలిమంట కాంతీ ఇలాగే వంగుతుంది.

ఈసారి వెళ్తే పొద్దు వాలకముందే చేరుకోండి. నైరుతి దిక్కున హైవే ఎటు పోతోందో వెలుగుండగానే గుర్తుపెట్టుకుని, చీకటి పడ్డాక అటే బైనాక్యులర్స్ తిప్పండి. దీపం వెంట మైదానంలోకి దిగకండి, అది ప్రైవేటు పశువుల రాంచ్.