ఏ పాలనకు ఏ పేరు? చిత్తూరు సీమకు కొలబద్ద పెట్టి చూస్తే

2021 మార్చిలో, దేశాల ప్రజాస్వామ్యాన్ని సూచీలతో కొలిచే రెండు విదేశీ సంస్థలు భారతదేశానికి పెట్టిన పేర్లపై రేగిన వాదన ఇంకా చల్లారలేదు. స్వీడన్‌లోని వీ-డెం దేశాన్ని ‘ఎన్నికలున్న నిరంకుశ పాలన’ కోవలో చేర్చగా, అమెరికాలోని ఫ్రీడమ్ హౌస్ ‘పాక్షిక స్వేచ్ఛ’ గల దేశాల వరుసలోకి దించింది. కేంద్ర ప్రభుత్వం ఈ అంచనాలను తోసిపుచ్చింది. ఆ పేర్లు తగినవో కావో తేల్చేముందు అవి ఏ కొలతల్లోంచి వచ్చాయో చూడాలి. ఆ కొలతలను చిత్తూరు సీమ చరిత్రకు పెట్టి చూద్దాం.

మొదట రాజ్యమంటే ఏమిటన్న ప్రశ్న. కౌటిల్యుని అర్థశాస్త్రం దానికి స్వామి (రాజు), అమాత్య (మంత్రులు), జనపద (జనమున్న నేల), దుర్గ (కోట), కోశ (ఖజానా), దండ (సైన్యం), మిత్రాలని ఏడు అంగాలు చెప్పింది. ఒక భూభాగంలో న్యాయసమ్మతమైన బలప్రయోగాన్ని తన ఒక్కదాని హక్కుగా నిలుపుకొనేదే రాజ్యమని 1919లో జర్మన్ సమాజశాస్త్రవేత్త మాక్స్ వెబర్ అన్నాడు. అమెరికా ఖండాల దేశాలు 1933లో కుదుర్చుకున్న మాంటెవిడియో ఒప్పందం రాజ్యానికి స్థిర జనాభా, నిర్దిష్ట భూభాగం, ప్రభుత్వం, ఇతర రాజ్యాలతో వ్యవహరించగల శక్తి ఉండాలంది. పద్దెనిమిదో శతాబ్దపు చిత్తూరు సీమను ఈ గీటురాళ్ళపై గీస్తే ఒక్క జవాబు రాదు. చంద్రగిరి రాయల కాలం ముగిశాక పెత్తనం పేరుకు ఆర్కాటు నవాబుది. కోట, బంట్లు, కావలి రుసుము స్థానిక నాయకులైన పాలెగాళ్ళవి. కౌటిల్యుని లెక్కలో ఒక్కో పాలెగాడికీ దుర్గ, కోశ, దండాలున్నట్టే. వెబర్ లెక్కలో అక్కడ రాజ్యమే లేదు. 1801లో ఆర్కాటు నవాబు ఏలుబడిలోని కర్ణాటక ప్రాంతాన్ని (నేటి కర్ణాటక రాష్ట్రం కాదు) చేజిక్కించుకున్న ఈస్టిండియా కంపెనీ, 1804-05లో చిత్తూరు పాలెగాళ్ళ తిరుగుబాటును అణచాక గానీ ఆయుధబలం ఒక్క చేతికి చేరలేదు. అలా రాజ్యం గట్టిపడింది, జనానికి మాత్రం అందులో నోరు లేదు.

పాలన తీరు అసలు వేరే ప్రశ్న. ఏలేది ఒకరా, కొందరా, అనేకులా, వారు చూసేది స్వలాభమా, సర్వహితమా అని అడిగి అరిస్టాటిల్ ఆరు రకాలు చేశాడు. ప్రజాస్వామ్యాన్ని ఆయన చెడిన రకాల్లోనే వేశాడు. ఓట్ల కోసం నాయకుల మధ్య జరిగే పోటీయే ప్రజాస్వామ్యమని 1942లో ఆర్థికవేత్త షుంపీటర్ అంటే, పోటీతోపాటు అందులో ఎందరికి పాలు దక్కిందో కూడా చూడాలని 1971లో అమెరికా రాజనీతి శాస్త్రవేత్త రాబర్ట్ డాల్ అన్నాడు. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాకు డాల్ కొలతే బాగా అతుకుతుంది. మద్రాసు శాసనసభకు 1920లోనే ఎన్నికలు వచ్చాయి, కానీ ఆస్తో పన్నో ఉన్నవారికే ఓటు. 1935 చట్టం తర్వాత కూడా బ్రిటిష్ ఇండియాలో వయోజనుల్లో దాదాపు ఆరోవంతుకే ఆ హక్కు దక్కింది. పోటీ ఉంది, ఓటరు లేడు. 21 ఏళ్ళు నిండిన వారందరికీ ఓటు దక్కింది 1951-52 ఎన్నికల్లోనే.

సూచీలు పట్టించుకోని మరో సంగతి ఉంది. అవి దేశమంతటికీ కలిపి ఒకే ముద్ర వేస్తాయి. పట్టణ పాలకమండలికి ఐదేళ్ళకోసారి ఎన్నిక జరగాలని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ చెప్పింది. అయినా 2007లో నగరపాలక సంస్థగా మారిన తిరుపతి, తన తొలి పాలకమండలిని ఎన్నుకునేందుకు 2021 దాకా ఆగింది. మధ్యలో నగరాన్ని నడిపింది అధికారులే. అదే తిరుపతి ఓటర్లు 2009, 2014, 2019లో శాసనసభకు, లోక్‌సభకు ప్రతినిధులను ఎన్నుకున్నారు. ఒకే ఊరికి, ఒకే కాలంలో, రెండు అంతస్తుల్లో రెండు పేర్లు పెట్టాల్సి వస్తుంది. చివరికి ఆ నగరపాలక ఎన్నిక జరిగింది 2021 మార్చిలో, అంటే వీ-డెం నివేదిక వెలువడిన నెలలోనే. పలు డివిజన్లలో పోటీయే లేక ఏకగ్రీవమయ్యాయి.