విజయనగరం 30.6 శాతం: పరీక్ష కాగితం లేని కుటుంబాల లెక్క

కొవిడ్ మరణాల లెక్క మీద ఉత్తరాంధ్రలో మళ్లీ వాదన లేచింది. ‘పరీక్షలో పాజిటివ్ రాలేదు కదా, అది కొవిడ్ చావు ఎలా అవుతుంది?’ అన్న దగ్గరే అది ఆగిపోతోంది. లాక్‌డౌన్, వలస కూలీల నడక, ఆక్సిజన్ కోసం పరుగులు అందరికీ గుర్తున్నవే. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం 2020 సెప్టెంబర్‌లోనే దొరికింది.

ఆ నెల రెండో వారంలో రాష్ట్ర ప్రభుత్వం సీరో సర్వే ఫలితాలు ప్రకటించింది. అప్పటికే వైరస్ సోకి ఉన్నవాళ్లు ఎందరో రక్త పరీక్షలతో అంచనా వేసే సర్వే ఇది. రాష్ట్ర సగటు 19.7 శాతం, శ్రీకాకుళం 21.5 శాతం. 30.6 శాతంతో అన్ని జిల్లాల కంటే పైన నిలిచింది విజయనగరం. రాష్ట్రంలో కరోనా అందరికంటే ఆలస్యంగా, మే నెలలో బయటపడిన జిల్లా ఇదే! అలాంటి చోట నాలుగు నెలల్లో పది మందిలో ముగ్గురికి వైరస్ సోకిపోయింది. 2011 జనాభా 23.44 లక్షలతో లెక్కేస్తే ఏడు లక్షల మంది పైమాటే. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద పరీక్షల్లో తేలిన కేసులు ఐదున్నర లక్షల లోపే.

ముక్కులో పుల్ల పెట్టి చేసే టెస్టు ఆ రోజు ఒంట్లో వైరస్ ఉందా అనే చూస్తుంది. సీరో సర్వేలో రక్తం తీసి, వైరస్ వచ్చి వెళ్లాక మిగిలే యాంటీబాడీల కోసం వెతుకుతారు. అవి కనబడడానికి రెండు వారాల దాకా పడుతుంది, కొందరిలో నెలల్లోనే తగ్గిపోతాయి. అంటే సర్వే అంకె అసలు వ్యాప్తి కంటే తక్కువ చూపే అవకాశం ఉంది. కిట్లు తప్పు చూపవా అని అడిగేవాళ్లున్నారు. 2020 మే–జూన్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 70 జిల్లాల్లో 28,000 మందిని పరీక్షిస్తే దేశ సగటు 0.73 శాతం వచ్చింది. మన రాష్ట్రం నుంచి కృష్ణా, నెల్లూరుతో పాటు విజయనగరమూ అందులో ఉంది. అంత చిన్న అంకెను కిట్ పొరపాటు తారుమారు చేయగలదు. 30 శాతం దగ్గర ఆ భయం చాలా తక్కువ.

ఎక్కువ మందికి లక్షణాలు లేవు, భయపడొద్దన్నది అధికారుల మాట. అందులో నిజముంది. కానీ అదే అంకె ఇంకో సంగతీ చెప్పింది: వైరస్ సోకినవాళ్లలో ఎక్కువ మందికి అసలు టెస్టే జరగలేదు. దాన్ని పట్టించుకోలేదు. 2021 ఏప్రిల్–మేలో జ్వరం, ఆయాసంతో ఊళ్లోనే ఆర్ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుని, ఇంట్లోనే పోయిన మనుషులకు ఏ కాగితం ఉంటుంది? కొవిడ్ మృతుల కుటుంబాలకు అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఆమోదించిన 50 వేల రూపాయల సాయానికి టెస్టు ఫలితమో, ఆసుపత్రి నిర్ధారణో కావాల్సి వచ్చింది. పేదల ఇళ్లలో లేనిది సరిగ్గా అదే.

సీరో సర్వే ఒక మనిషి చావుకు రుజువు కాదు. అయితే టెస్టు లేదు కాబట్టి కొవిడ్ లేదన్న వాదనను మాత్రం అది నిలబడనివ్వదు. 2021 జూన్–జులై సర్వేలో రాష్ట్రానికి వచ్చిన 70.2 శాతాన్ని ఈ తగువులోకి తేకూడదు, టీకాతో వచ్చిన యాంటీబాడీలూ అందులో కలిశాయి. చూడాల్సింది జనన మరణాల రిజిస్టర్లు. దేశంలో 2020లో 81 లక్షల మరణాలు నమోదైతే, 2021లో 1.02 కోట్లు నమోదయ్యాయి. ఇక్కడి లెక్క మండలాల వారీగా, నెలల వారీగా బయటపెట్టాలి. పోల్చేటప్పుడు పాత హద్దులే తీసుకోవాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారకముందు రాజాం శ్రీకాకుళంలో, పార్వతీపురం విజయనగరంలో ఉండేవి.