నేల ఉసిరి రెమ్మని తిప్పి చూశారా?

వానలు పడ్డాక విజయవాడలో కాలవగట్ల మీద, ఖాళీ స్థలాల్లో ఎక్కడ చూసినా నేల ఉసిరే. కామెర్లకి మందని పీక్కెళ్ళేవాళ్ళూ ఎక్కువే. చిక్కేంటంటే, ఆ పేరుతో పీకేది ఒకే మొక్క కాదు. చింతాకులాంటి ఆకులు, వాటి కింద వరసగా బుల్లి కాయలు, పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. రెమ్మ తిప్పితే తేడా బయటపడుతుంది. ఫిల్లాంథస్ అమారస్ అనే జాతి కాయ నున్నగా, చిన్న కాడతో ఉంటుంది. ఫిల్లాంథస్ యూరినేరియా కాయ గరుకుగా, దాదాపు రెమ్మకే అంటుకుని ఉంటుంది. గింజని భూతద్దంలో చూస్తే మొదటిదానికి నిలువు గీతలు, రెండోదానికి అడ్డగీతలు.

పాతకాలపు మొక్కల బొమ్మల అసలు పని ఇదే, గోడకి అందం కోసం గీసినవి కావు. మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ సణిగాడు, బొమ్మ చూసి బొమ్మ గీసేవాళ్ళు తప్పులు చేస్తారని, పైగా మొక్క రుతువుకో రూపం మారుతుంటే ఒక్క బొమ్మ ఏ మూలకని. తర్వాతి చిత్రకారులు కనిపెట్టిన ఉపాయం నాకు భలే నచ్చుతుంది. చెట్టు మీద ఒకేసారి కనబడని పువ్వు, పిందె, పండు, కోసిన గింజ, అన్నీ ఒకే కాగితం మీద పెట్టేశారు. ఒక్క ఫోటోలో ఇది కుదరదు.

మన దగ్గర ఈ పని సామర్లకోటలో జరిగింది. ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ అక్కడ స్థానిక చిత్రకారులతో గీయించడం మొదలుపెట్టాడు. 1795 నుంచి లండన్‌లో మూడు సంపుటాలుగా 300 బొమ్మలు అచ్చయ్యాయి. వాటిలో సోమిద చెట్టూ ఉంది, దాని బెరడు జ్వరాలకి సింకోనా (క్వినైన్ మందు తీసే చెట్టు) బదులు పనికొస్తుందని ఆయన ఆశ. గీసినవాళ్ళ పేర్లు మాత్రం వెయ్యలేదు, అదే మింగుడుపడదు. తర్వాతి తరంలో వృక్షశాస్త్రవేత్త రాబర్ట్ వైట్ నయం, తన చిత్రకారులు రంగయ్య, గోవిందుల పేర్లు బొమ్మల కిందే వేయించాడు, ఒక ఆర్కిడ్‌కి గోవిందు పేరే పెట్టాడు.

ఇక మందు సంగతి. మద్రాసు పరిశోధకులు 1988లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో రాసినదాని ప్రకారం, హెపటైటిస్-బి వైరస్ ఒంట్లో తిష్ఠవేసిన 37 మందికి అమారస్ పొడి 30 రోజులు ఇస్తే 22 మంది రక్తంలో దాని పైపొర ప్రొటీన్ కనబడలేదు. తర్వాత వేరేచోట్ల అంత ఫలితం రాలేదు. జాతి తేడానా, నేల తేడానా, అసలు మందులోనే అంత పస లేదా అని వాదనలు నడిచాయి. (కామెర్లొస్తే ముందు రక్తపరీక్ష, పసరు సంగతి తర్వాత!) ఎండబెట్టి, పొడికొట్టి డబ్బాలో పోశాక మాత్రం తిప్పి చూడ్డానికి రెమ్మ ఉండదు, మైక్రోస్కోపుతోనో, డీఎన్ఏ పరీక్షతోనో తేల్చుకోవాల్సిందే.