పెద్ద యూనివర్సిటీలో డిగ్రీ: నల్లగొండ, పాలమూరులో వినిపించే అపోహలు

అపోహ: హెచ్‌సీయూ (హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ) పీజీ వాళ్లకే, ఇంటర్ కాగానే సీటు రాదు.

వాస్తవం: గచ్చిబౌలిలోని ఈ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత చేరే అయిదేళ్ల ఇంటిగ్రేటెడ్ (డిగ్రీ, పీజీ కలిసిన) కోర్సులున్నాయి. దారే వేరు. డిగ్రీ సీట్లకు రాష్ట్రం నడిపే ఆన్‌లైన్ ప్రవేశాల పద్ధతి దోస్త్‌లో పెట్టే ఆప్షన్లు ఉస్మానియా, పాలమూరు, మహాత్మాగాంధీ వంటి రాష్ట్ర యూనివర్సిటీల కాలేజీలకే పనికొస్తాయి. హెచ్‌సీయూకు కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయాలి, అదీ ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే అప్లై చేసి.

ఎక్కువ మంది దెబ్బతినేది పరీక్షలో కాదు, సర్టిఫికెట్ దగ్గర. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు; కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న వర్గంలో లేమని చెప్పే) సర్టిఫికెట్ కావాలి. మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు ఇస్తుంది. ఇంకో చిక్కు: రాష్ట్ర బీసీ జాబితాలోని ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. కౌన్సెలింగ్ వారంలో ఈ సంగతి తెలిస్తే చేసేదేమీ ఉండదు.

అపోహ: ల్యాబులో పరిశోధన పీహెచ్‌డీ వాళ్ల పని. డిగ్రీ పిల్లల్ని రానివ్వరు.

వాస్తవం: అడిగే తీరు తెలియకపోతేనే రానివ్వరు. ఒకే మెయిల్ ఇరవై మంది ప్రొఫెసర్లకు పంపితే చదవకుండానే పక్కన పెడతారు. ఒక్కరిని ఎంచుకోండి. ఆయన పరిశోధన పేపర్లలో ఒకదాని సారాంశం, ఉపోద్ఘాతం చదవండి. నూటయాభై మాటలు మించకుండా నాలుగు సంగతులు రాయండి: ఏం చదువుతున్నారు, ఆ పేపర్లో మీకు అర్థమైందేమిటి, వారానికి ఎన్ని గంటలు రాగలరు, ఎప్పటి నుంచి. మార్కుల మెమో జతచేయండి. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి, అంతే.

మొదటి నెల గాజుసామాను కడగడం, లెక్కలు ఎక్సెల్‌లో ఎక్కించడం వంటి పనులే ఇస్తారు. చిన్నతనం అనుకుని మానేసేవాళ్లు మానేస్తారు. ఉండేవాళ్లకే పని వస్తుంది.

సొంత అంశం పట్టుకెళ్తే ఇంకా మేలు. నల్లగొండ పిల్లలకు అది వెతుక్కోవాల్సిన పని లేదు, బోరునీళ్లలో ఫ్లోరైడ్ ఉండనే ఉంది. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన మేలైన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్ల ఆధారం లేనిచోట 1.5 వరకు. నమూనా గాజుసీసాలో పట్టకండి, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. పాలిథిన్ సీసానే వాడండి. ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు టీఐఎస్ఏబీ అనే బఫర్ ద్రావణం కలపకపోతే, నీళ్లలోని అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్ లెక్కకు రాదు, విలువ తక్కువ చూపిస్తుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది కాబట్టి, అది వేసి శుద్ధిచేసిన నీళ్లకు ఈ జాగ్రత్త మరీ అవసరం.

అపోహ: వేసవి ఫెలోషిప్‌కు సెలవులు దగ్గరపడ్డాక చూసుకోవచ్చు.

వాస్తవం: దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు దరఖాస్తు గడువు సాధారణంగా నవంబరులోనే ముగుస్తుంది. లెక్చరర్ సిఫారసు లేఖ కూడా కావాలి కాబట్టి దసరా సెలవులకు ముందే అడగండి. ఆఖరి రోజు అడిగితే నాలుగు పొడి వాక్యాలే వస్తాయి.

అపోహ: ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు వగైరా నడిపే ఆన్‌లైన్ పాఠాలు) కోర్సు ఉచితం, వీడియోలు చూస్తే సర్టిఫికెట్ వస్తుంది.

వాస్తవం: చేరడం ఉచితమే, పరీక్షకు ఫీజుంది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కులు. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 రావాలి. పరీక్షలో 60 తెచ్చుకున్నా అసైన్‌మెంట్లు వదిలేసినవాళ్లకు సర్టిఫికెట్ రాదు. ఆ కోర్సు క్రెడిట్లను (చదివిన గంటల్ని బట్టి ఇచ్చే పాయింట్లను) మీ డిగ్రీలోకి మార్చుకోవాలనుకుంటే ఆ కోర్సును మీ విభాగం ఒప్పుకుంటుందో లేదో చేరకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.

అపోహ: ప్రాక్టికల్‌కు క్రెడిట్లు తక్కువ, కాబట్టి పనీ తక్కువే.

వాస్తవం: థియరీలో ఒక క్రెడిట్‌కు సెమిస్టర్ మొత్తంలో 15 గంటలు, ప్రాక్టికల్‌లో 30. రెండు క్రెడిట్ల ల్యాబుకు 60 గంటలు పోతాయి, రికార్డు రాసే టైము దీనికి అదనం.