హెల్మెట్ లోపల కూలింగ్ గ్లాసెస్: అపోహలు - వాస్తవాలు

పాలకొల్లులో నాది కళ్ళజోళ్ళ షాపు, కంటి పరీక్ష కూడా నేనే చేస్తాను. మార్చి వచ్చిందంటే కూలింగ్ గ్లాసెస్ కోసం వచ్చేవాళ్ళు పెరుగుతారు, వాళ్ళలో ఎక్కువమంది బండి మీద తిరిగేవాళ్ళే. రొయ్యల చెరువుల దగ్గరికి వెళ్ళే టెక్నీషియన్లు, మందుల కంపెనీ రెప్‌లు, భీమవరం కాలేజీలకు రోజూ వెళ్ళొచ్చే పిల్లలు, నరసాపురం వైపు స్కూళ్ళలో పనిచేసే టీచర్లు. అందరూ చేసేది ఒకటే. హెల్మెట్ బండికి తగిలించి లోపలికొస్తారు, అద్దం ముందు నిలబడి నాలుగైదు జోళ్ళు పెట్టి చూసుకుంటారు, మొహానికి నప్పింది కొనుక్కుని వెళ్తారు. రోజూ గంటా రెండు గంటలు ఆ జోడు ఉండేది హెల్మెట్ లోపల కదా, మరి హెల్మెట్ లేకుండా చూస్తే అది సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుందండీ? అందుకే ముందుగా ఇది చెప్తున్నాను: ఎక్కడ కొన్నా సరే, హెల్మెట్ చేత్తో పట్టుకునే షాపులోకి వెళ్ళండి. ఇక షాపులో నాకు తరచూ వినిపించే మాటలు, వాటిలో నిజమెంతో చూద్దాం.

అపోహ: ఎంత నల్లగా ఉంటే కంటికి అంత రక్షణ

నలుపు వేరు, రక్షణ వేరు. ఏళ్ళ తరబడి కంటికి హాని చేసేది మనకు కనిపించని అల్ట్రావయొలెట్ (యూవీ) కిరణాలు. వాటిని ఆపే గుణం అద్దం తయారైన పదార్థంలోనో, దానికి వేసిన పూతలోనో ఉంటుంది తప్ప రంగులో ఉండదు. పాలీకార్బొనేట్ అద్దం రంగేమీ లేకపోయినా ఆ కిరణాలను దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. యూవీ400 అంటే 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను ఆపుతుందని అర్థం, మీరు చూడాల్సింది ఆ మాట. తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి కండ పెరగడం మన తీరంలో వేటకు వెళ్ళేవాళ్ళలో, పొలం పనుల్లో ఉండేవాళ్ళలో చూస్తూనే ఉంటాం, దానికి ఎండలోని ఈ కిరణాలతో సంబంధం ఉంది. శుక్లాలకూ ఉంది. యూవీని ఆపే గుణం లేని నల్లద్దం పెడితే ఇంకో ఇబ్బంది: చీకటికి కంటిపాప పెద్దదవుతుంది, హాని చేసే కిరణాలకు దారి ఇంకాస్త వెడల్పవుతుంది.

నలుపుకి 0 నుంచి 4 దాకా కేటగిరీలు ఉంటాయి. ట్యాగ్ మీదో, కాడ లోపలివైపో రాసి ఉంటుంది. 2వ కేటగిరీ 18 నుంచి 43 శాతం వెలుతురు లోపలికి వదులుతుంది, 3వది 8 నుంచి 18 శాతం, 4వది 3 నుంచి 8 శాతం మాత్రమే. ఈ 4వ కేటగిరీ మంచుకొండల్లో తిరిగేవాళ్ళ కోసం చేసింది, ఏ బండి నడిపేవాళ్ళయినా దాన్ని పెట్టుకోకూడదు.

మన రోడ్లకి 2వ కేటగిరీ, లేదా 3లోనే కాస్త లేత రంగు చాలని నేను చెప్తాను, దానికి కారణం కొబ్బరి చెట్లు. అంబాజీపేట, రాజోలు వైపు లోపలి రోడ్ల మీద వెళ్ళినవాళ్ళకి తెలుసు, ఒక్క క్షణం మండే ఎండ, మరుక్షణం తోట నీడ, మళ్ళీ ఎండ, ఇలా ఊరు వచ్చేదాకా మారుతూనే ఉంటుంది, కన్ను అంత వేగంగా సర్దుకోలేదు. బాగా నల్లటి అద్దంతో నీడలోకి దూరితే కాసేపు గొయ్యి కనబడదు, కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం కనబడదు, ఆ ధాన్యం అంచున పెట్టిన రాళ్ళు అసలే కనబడవు. పక్కన కాలువ. రెయిలింగ్ ఉండదు. ఇలాంటి చోట నలుపు రక్షణ ఎలా అవుతుంది?

రంగు విషయానికొస్తే బూడిద రంగులో అన్ని రంగులూ ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి, బ్రౌన్‌లో గుంటలూ గతుకులూ కాస్త స్పష్టంగా తెలుస్తాయి. ముదురు నీలం, ఎరుపు అద్దాలు సిగ్నల్ లైట్ల రంగుని మారుస్తాయి, బండికి వద్దు.

అపోహ: తలనొప్పి వస్తోందంటే పవర్ మారింది

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాలనిపించేది ఇదే. "కూలింగ్ గ్లాసెస్ పెట్టినా సాయంత్రానికి తల పగిలిపోతోందండీ, పవర్ వచ్చిందేమో చూడండి" అని వస్తారు. పరీక్ష చేస్తే పవర్‌లో ఏ మార్పూ ఉండదు. అప్పుడు జోడు తీయించి చెవికి కాస్త పైన, కణత దగ్గర వేలు పెట్టి చూస్తాను. జుట్టు అణిగిపోయి, చర్మం మీద కాడ ఎంత వెడల్పుందో అంత వెడల్పున ఎర్రటి పల్లం కనబడుతుంది. వేలితో నొక్కితే "అబ్బా, అక్కడే" అంటారు. హెల్మెట్ లోపలి దిండు బయటినుంచి నొక్కుతుంది, లోపల ఎముక ఉంది, ఆ రెండింటి మధ్య కాడ ఇరుక్కుని గంటల తరబడి ఉంటే నొప్పి రాక ఏమవుతుంది? ఎండకి, టెన్షన్‌కి, పవర్‌కి అని మాత్రలు వేసుకుంటూ ఉంటారు పాపం, జోడు మారిస్తే పోయే నొప్పికి.

అందుకని అద్దాల కన్నా ముందు కాడలు చూడండి. పలచగా, బల్లపరుపుగా, చివరిదాకా తిన్నగా ఉండాలి. చెవి వెనక్కి బాగా వంగి కొక్కెంలా పట్టుకునే కాడ హెల్మెట్ వేసుకున్నాక లోపలికి దూరదు, దూర్చితే చెవి ఒరుసుకుపోతుంది. పెద్ద లోగో ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ కాడలు అద్దంలో అందంగా ఉంటాయి కానీ హెల్మెట్‌లో అవే శత్రువులు, పైగా పక్క చూపుని మూసేస్తాయి. టీఆర్ ఫ్రేమ్ అని అడగండి, అది ఒక రకం నైలాన్, తేలిగ్గా ఉంటుంది, వంగుతుంది తప్ప అంత తేలిగ్గా విరగదు. కాడ లోపలివైపు 58, 16, 140 లాంటి మూడు అంకెలు ఉంటాయి, అవి మిల్లీమీటర్లలో అద్దం వెడల్పు, ముక్కు దగ్గర ఖాళీ, కాడ పొడవు. ఇప్పుడు వాడుతున్న జోడు సుఖంగా ఉంటే ఆ అంకెలు రాసుకుని వెళ్ళండి, వెతుకులాట సగం తగ్గుతుంది.

చూసుకునే పద్ధతి ఇది. ముందు హెల్మెట్ పెట్టి స్ట్రాప్ బిగించండి, తర్వాత హెల్మెట్‌కి ముందుండే అద్దం (వైజర్) పైకెత్తి జోడు కాడల్ని తిన్నగా లోపలికి తోయండి. హెల్మెట్ తీసేటప్పుడు దీనికి తిరగేసి చేయాలి, ముందు జోడు తీశాకే హెల్మెట్. జోడు పెట్టాక హెల్మెట్ అద్దం దించి చూడండి, జోడుకి తగలకూడదు. పది పదిహేను నిమిషాలు అలాగే కూర్చోండి, షాపువాళ్ళు ఏమీ అనుకోరు, అనుకుంటే ఇంకో షాపు చూసుకోండి. తర్వాత చూపు ఎదురుగా నిలిపి రెండు చేతులూ పక్కలకి చాపి వేళ్ళు ఆడించండి. వేళ్ళు కాడల వెనక మాయమైతే ఆ జోడు వద్దు, ఎందుకంటే గోదావరి మీదున్న సిద్ధాంతం వంతెన మీద మీ పక్కకొచ్చే లారీ కూడా అక్కడే మాయమవుతుంది. చివరగా జోడు తీసి కణతలు చూసుకోండి. అంతలోనే అచ్చు పడిందంటే గంట ప్రయాణంలో నొప్పి ఖాయం.

అపోహ: కళ్ళజోడు ఉంటే హెల్మెట్ ఒక సైజు పెద్దది కొనాలి

వద్దండీ. వదులు హెల్మెట్ పడినప్పుడు తల మీద జరుగుతుంది, ఊడిపోనూ వచ్చు. ఇంకొంతమంది కాడ పట్టేలా లోపలి థర్మాకోల్‌ని బ్లేడుతో చెక్కుతారు, అది ఇంకా ప్రమాదం. దెబ్బ తాలూకు అదురుని తను నలిగి తీసుకునేది ఆ థర్మాకోలే, దాన్ని ఎక్కడ చెక్కినా అక్కడ మీ తలకి రక్షణ తగ్గినట్టే. కళ్ళజోడు కోసం దిండ్లలో గాడి వదిలిన హెల్మెట్లు దొరుకుతున్నాయి, సరైన సైజులో ఐఎస్ఐ మార్కు చూసి అవి తీసుకోండి. 2021 జూన్ 1 నుంచి టూవీలర్ హెల్మెట్‌కి ఆ మార్కు తప్పనిసరి.

అపోహ: ముందు అద్దం ఉండగా కూలింగ్ గ్లాసెస్ ఎందుకు

అద్దం దించుకుని నడిపితే ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ మే నెల ఉక్కలో దించుకునేవాళ్ళు ఎంతమంది? చెమటకి తట్టుకోలేక అందరూ పైకెత్తేస్తారు. కోతలప్పుడు ఊక, గడ్డి నలుసులు, సాయంత్రం చేల పక్కన పురుగులు నేరుగా కంట్లో పడతాయి. ఊక గీరుకుంటే తేలిగ్గా తీసుకోకండి, మన దేశంలో నల్లగుడ్డు మీద ఫంగస్ పుండ్లు రావడానికి ఇలా ధాన్యం, ఆకు, గడ్డి గీరుకోవడమే పెద్ద కారణం. నలపొద్దు, శుభ్రమైన నీళ్ళతో కడగండి, ఆకు పసర్లు పోయొద్దు, మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు అసలే వేయొద్దు, కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నల్లటి ముందు అద్దం వేయించుకుని లోపల కూలింగ్ గ్లాసెస్ కూడా పెట్టేవాళ్ళకి ఒక లెక్క. ముందు అద్దం సగం వెలుతురే వదులుతుంది అనుకోండి, లోపలి జోడు అందులో 15 శాతం వదిలితే కంటికి చేరేది ఏడున్నర శాతం. అంటే వద్దన్న 4వ కేటగిరీలోకి మీరే వెళ్ళిపోయారు. రెండిట్లో ఏదో ఒకదానికే రంగు ఉండాలి.

అపోహ: పోలరైజ్డ్ అయితే ఇక ఆలోచించక్కర్లేదు

పోలరైజ్డ్ అద్దం నీళ్ళ మీంచి, తడి రోడ్డు మీంచి కొట్టే మెరుపుని బాగా కోస్తుంది. ఉండి, ఆకివీడు వైపు రోడ్డుకి రెండు పక్కలా చెరువులే, సాయంత్రం పాలకొల్లు నుంచి భీమవరం వెళ్తుంటే ఎదురుగా సూర్యుడు, పక్కన నీళ్ళు. అక్కడ దీని సుఖం వేరు. కానీ కొన్ని బండ్ల డిజిటల్ మీటరు, మ్యాప్ పెట్టుకునే ఫోను దీనిలోంచి మసగ్గానో నల్లగానో కనబడొచ్చు. కొన్ని హెల్మెట్ల ముందు అద్దంలోంచి చూస్తే ఇంద్రధనుస్సు మరకల్లాంటివి కనబడతాయి, అది జోడు లోపం కాదు, ఆ ప్లాస్టిక్‌లో ఉన్న ఒత్తిడి పోలరైజ్డ్ అద్దంలో అలా బయటపడుతుంది. మెరుపు చూసి తడినీ ఆయిల్ మరకనీ పసిగట్టే అలవాటున్నవాళ్ళకి ఆ గుర్తు కూడా తగ్గుతుంది. కాబట్టి కొనేముందు మీ బండి మీద కూర్చుని మీటరు చూడండి. పోలరైజ్డో కాదో తెలుసుకోవాలంటే ఫోన్ స్క్రీన్ ముందు జోడుని మెల్లగా తిప్పండి, చాలా ఫోన్లలో ఏదో ఒక కోణంలో స్క్రీన్ నల్లబడుతుంది.

అపోహ: ఎండకి నల్లబడే అద్దాలు అన్నిటికీ సరిపోతాయి

ఈ ఫొటోక్రోమిక్ అద్దాలు నల్లబడేది అల్ట్రావయొలెట్ తగిలితేనే. హెల్మెట్ ముందు అద్దం ఆ కిరణాలను ఆపేసేదైతే, అది దించగానే లోపలి జోడు సరిగా నల్లబడదు. పైగా వేడి పెరిగేకొద్దీ ఇవి తక్కువ నల్లబడతాయి, అంటే అవసరమైన మే నెలలోనే తక్కువ పనిచేస్తాయి. ముందు అద్దం లేని హెల్మెట్ వాడేవాళ్ళకి ఫర్వాలేదు.

అపోహ: రాత్రి పసుపు అద్దాలు పెడితే లైట్ల వెలుగు కొట్టదు

కొట్టేదే కొడుతుంది, కంటికి అందే వెలుతురు మాత్రం తగ్గుతుంది. 2019లో జామా ఆఫ్తాల్మాలజీ అనే కంటి వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో సిమ్యులేటర్ మీద పరీక్షిస్తే, రాత్రి రోడ్డు మీద మనుషుల్ని గుర్తించడంలో పసుపు అద్దాలు ఏమీ సాయపడలేదు. హెడ్‌లైట్లు చెదిరినట్టు కనబడుతుంటే ముందు హెల్మెట్ అద్దం మీద గీతలు చూడండి, ఉంటే కొత్తది వేయించండి. అప్పటికీ తగ్గకపోతే శుక్లం మొదలైందేమో చూపించుకోండి.

అపోహ: ఖరీదైనదే మంచిది, గాజయితే ఇంకా చల్లన

ధరలో చాలాభాగం ఫ్రేముకి, పేరుకి పోతుంది. తక్కువ ధర పాలీకార్బొనేట్ జోడు కూడా యూవీని ఆపుతుంది, అనుమానముంటే యూవీ కొలిచే మీటరున్న షాపులో పెట్టి చూపించమనండి, నిమిషం పని. అద్దం నాణ్యత మీరే చూడొచ్చు: జోడుని చేయిచాచి పట్టుకుని దానిలోంచి గుమ్మం అంచు చూస్తూ అటూ ఇటూ కదపండి, గీత వంకర తిరిగితే తీసుకోవద్దు. గాజు మాత్రం బండి మీద ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, పగిలితే ముక్కలు కంట్లోకే. పాలీకార్బొనేట్‌కి గీతలు త్వరగా పడతాయి కాబట్టి హార్డ్ కోటింగ్ ఉన్నది చూడండి, పొడి తువ్వాలుతో తుడవకండి, నీళ్ళు పోసి దుమ్ము పోయాకే మెత్తటి గుడ్డతో తుడవండి. అంతర్వేది, పేరుపాలెం వైపు ఉప్పు గాలిలో తిరిగేవాళ్ళు రోజూ కడగాలి, స్క్రూలు తుప్పు పడతాయి.

పవర్ ఉన్నవాళ్ళు క్లిప్ తగిలించే బదులు పవర్‌తోనే రంగు అద్దాలు వేయించుకోండి, క్లిప్ హెల్మెట్‌లో ముందు అద్దానికి తగులుతుంది. మొహం చుట్టూ బాగా వంగిన స్పోర్ట్స్ ఫ్రేములో ఎక్కువ పవర్ వేస్తే పక్కల బొమ్మ వంకరగా కనబడుతుంది, కాస్త బల్లపరుపు ఫ్రేమే తీసుకోండి. చత్వారం వచ్చినవాళ్ళు బండి మీటరు చదవగలుగుతున్నారో లేదో కూడా చెప్పండి, అద్దాలు దాన్నిబట్టే రాస్తాం. పాత చీటీ ఏడాది దాటినదైతే మళ్ళీ పరీక్ష చేయించుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి.